టెంటు వేసే ముందు తిథి చూడండి

హైదరాబాద్‌లో, బెంగళూరులో పనిచేసే ఫ్రెండ్స్ నుంచి ఈ మధ్య నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే ఉంటున్నాయి. ‘‘మామా, లాంగ్ వీకెండ్ వస్తోంది. టెంట్లు కొన్నాం. మీ బందరు సైడు సముద్రం ఒడ్డున పడుకునే మంచి స్పాట్ చెప్పరా!’’

మాది చిలకలపూడి. గుడివాడ నుంచి బందరు వెళ్లే రైలు చివరి స్టేషన్‌కి ముందు ఆగే ఊరు. పాండురంగడి గుడి, రోల్డ్‌గోల్డ్ నగలు అంటే చాలామందికి గుర్తొస్తుంది. ఇక్కణ్ణుంచి మంగినపూడి బీచ్‌కి బండి మీద అరగంట కూడా పట్టదు. కాబట్టి స్పాట్ చెప్పడం నాకు పెద్ద పని కాదు. కానీ స్పాట్ ఒక్కటే చెప్తే అది సగం జవాబే. మా తీరంలో ‘ఎక్కడ’ అని అడిగే ముందు ‘ఎప్పుడు’ అని అడగాలి. గోవాలో, విశాఖలో తిరిగొచ్చిన అలవాటుతో ఇక్కడికొచ్చేవాళ్లకి ముందు చెప్పాల్సింది ఇదే.

బల్లపరుపు నేల

విశాఖలో సముద్రం పక్కన కొండ ఉంటుంది. మా దగ్గర కొండ కాదు కదా, గుట్ట కూడా లేదు. ఈ నేలంతా కృష్ణమ్మ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు. ఘంటసాల ఊరే దీనికి సాక్ష్యం. రోమన్లతో వర్తకం సాగిన రోజుల్లో అది పేరున్న రేవు. టోలెమీ రాసిన ‘కంటకస్సిల’ ఇదేనంటారు చరిత్రకారులు. ఇప్పుడు ఆ ఊళ్లో బౌద్ధ స్తూపం, మ్యూజియం చూడొచ్చు గానీ, సముద్రం మాత్రం కనపడదు. నేల అంత ముందుకు జరిగిపోయింది.

మంగినపూడిలో ఇసుక కోసం చూసినవాళ్లు ఆశ్చర్యపోయేది కూడా అందుకే. అక్కడ ఎక్కువగా ఉండేది నల్లమట్టి. కాలికి మెత్తగా తగులుతుంది, నీళ్లు లోతు లేనట్టే ఉంటాయి. చాలా దూరం నడిచినా మోకాళ్లే దాటవు. పిల్లలున్న కుటుంబాలకి ఇది నచ్చుతుంది. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒడ్డు ప్రతి 50 మీటర్లకి ఒక మీటరు చొప్పున లేస్తోందనుకోండి. సముద్రం ఒక్క మీటరు పెరిగితే అలల గీత 50 మీటర్లు లోపలికొస్తుంది. వాలు వందకి ఒకటే అయితే నూరు మీటర్లు. చూసేవాళ్లకి నీళ్లు పెరిగినట్టు అనిపించదు, ఒడ్డు తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. పైగా బీచ్ వెనకాల ఉండే పర్ర భూములు, పాయలు తీరం కంటే పల్లంగా ఉండొచ్చు. అలాంటి చోట నీళ్లు మీ ముందునుంచి రావు. పాయలోంచి చుట్టూ తిరిగి, మీరు నడిచొచ్చిన దారిని ముందు ముంచుతాయి.

క్యాలెండర్‌లో ఉన్న సముద్రం

మా అమ్మమ్మది నాగాయలంక వైపు ఒక పల్లె. ఇంట్లో ఎవరు సముద్రం వైపు బయల్దేరినా ఆవిడ అడిగే మాట ఒకటే: ‘‘ఏరా, ఇవాళ తిథేంటి?’’

అది మూఢనమ్మకం కాదు, లెక్క. సముద్రానికి రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ పోటు వచ్చిన వేళ కంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు ఒకే గీతలో లాగుతారు కాబట్టి ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు బాగా పైకొస్తుంది, పాటు బాగా కిందికి పోతుంది. అష్టమి దగ్గర రెండూ తగ్గుతాయి. వేటకెళ్లే మత్స్యకారులకి ఇది చేతివేళ్ల మీద ఉంటుంది. ఫోన్‌లో చూసే టైడ్ టేబులూ, గోడ మీద వేలాడే తెలుగు క్యాలెండరూ ఒకే చంద్రుణ్ణి చూసి కట్టినవే.

క్యాంపింగ్‌కి ఇది ఎలా పనికొస్తుందంటే, సాయంత్రం ఆరింటికి మీరు చేరేసరికి పాటు నడుస్తోందనుకోండి. ఒడ్డు విశాలంగా, గట్టిగా, ఫొటోకి అద్భుతంగా ఉంటుంది. అక్కడే టెంటు వేస్తారు. ఆరు గంటల తర్వాత, అంటే అందరూ గాఢనిద్రలో ఉన్న అర్ధరాత్రి వేళ పోటు వస్తుంది. కాబట్టి టెంటు చోటు చూసేటప్పుడు అలలు ఇప్పుడు ఎక్కడున్నాయో చూడకండి. నాచు, చెత్త, గవ్వలు వరసగా పేరుకున్న గీత ఎక్కడుందో చూడండి. నిన్నటి పోటు అక్కడిదాకా వచ్చినట్టు. ఆ గీతకి చాలా ఎగువన ఉండాలి.

ఇంకో మాట. మన సముద్ర స్నానాల ముహూర్తాలన్నీ పౌర్ణములే. కార్తీక పౌర్ణమికి మంగినపూడి, మాఘ పౌర్ణమికి హంసలదీవి జనంతో నిండిపోతాయి. ఆటుపోట్లు పెద్దవిగా ఉండే రోజులు కూడా అవే. స్నానం మానమని ఎవరూ చెప్పరు. పోలీసులు కట్టిన తాడు దాటకుండా, మోకాలి లోతులో మునిగినా పుణ్యం తగ్గదు.

ఉప్పెనకి తిథి లేదు

తిథి చెప్పేది రోజూ వచ్చే పోటు గురించే. ఉప్పెన సంగతి వేరు.

1864 నవంబరు 1న బందరుని ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. పంచాంగం వెనక్కి లెక్కేస్తే అది అమావాస్య వెళ్లిన రెండో రోజు, పెద్ద పోటు సమయం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. 10 వేల మందికి పైగా పోయారు. అప్పుడు తిథి అష్టమి, నవమి దగ్గర. లెక్క ప్రకారం పోటు తక్కువగా ఉండాల్సిన రోజులు. తుఫాను గాలి నెట్టుకొచ్చిన నీళ్లకి ఆ లెక్క అడ్డం రాలేదు. 1990 మే 9న మళ్లీ బందరు దగ్గర పెద్ద తుఫాను తీరం దాటింది.

ఈ తేదీలు చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. చల్లగా, హాయిగా ఉండి అందరూ ట్రిప్పులు పెట్టుకునే కార్తీక మాసమే మాకు తుఫాన్ల కాలం. 1864ది, 1977ది రెండూ దీపావళి వెళ్లాక కొద్ది రోజులకి వచ్చినవే. అందుకని అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఇక్కడ టెంటు ప్లాన్ వేస్తే, టికెట్లు కొన్నంత మాత్రాన ప్లాన్ ఖాయం అనుకోకండి. బయల్దేరే రోజు పొద్దున మళ్లీ చూసుకోవాలి.

ఏం చూడాలి? ఒకటి, వాతావరణ శాఖ బులెటిన్. రెండు, హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరికలు. మూడు, ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచిక. ‘బందరు పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక’ అని వార్తల్లో వింటుంటాం. ఒకటి, రెండు నంబర్లంటే దూరంగా సముద్రంలో ఏదో తయారవుతోందని. మూడు నుంచి ఆ రేవుకే గాలివాన ముప్పని. 8, 9, 10 మహా ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఓడలకి ఒకటో నంబరు ‘జాగ్రత్త’ అయితే, టెంటులో పడుకునేవాళ్లకి అదే ‘రావద్దు’.

మరి మంచి కాలం ఏది? నా ఓటు డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి, ఏప్రిల్‌లో పగలు ఉక్కపోసినా సాయంత్రం పైరగాలి బాగుంటుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నది మీద కన్నేసి ఉంచాలి. 2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అక్కడ వదిలిన నీళ్లన్నీ వచ్చేది మా దివిసీమకే. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. ఆ మాట వినపడితే లంకల్లో పిక్నిక్ మానేయండి.

ఎక్కడ ఏం చూడాలి

మంగినపూడి: బందరు నుంచి సుమారు 11 కిలోమీటర్లు. తూర్పు ముఖం కాబట్టి సూర్యోదయం నేరుగా నీళ్లలోంచే వస్తుంది. దీనికి రాత్రి ఒడ్డున పడుకోవాల్సిన పనే లేదు. బందరులో గది తీసుకుని తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే చాలు. కారు మాత్రం నల్లమట్టి మీదికి దింపకండి. ఎండినప్పుడు సిమెంటులా ఉంటుంది, తడిస్తే టైరు తిరుగుతుందే గానీ బండి కదలదు. దగ్గర్లో కొత్త పోర్టు పనులు నడుస్తున్నాయి, లారీలు తిరుగుతుంటాయి. చీకట్లో నెమ్మదిగా వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు చిలకలపూడిలో పాండురంగణ్ణి చూడండి. భక్త నరసింహం కట్టించిన గుడి ఇది. 1929 నవంబరు 13న, కార్తీక శుద్ధ ఏకాదశి నాడు ఇక్కడ స్వామి స్వయంభువుగా వెలిశాడని భక్తుల నమ్మకం. అట్నుంచి పెడన వెళ్తే కలంకారీ అద్దకాలు. బందరు లడ్డూ సంగతి నేను చెప్పక్కర్లేదు.

హంసలదీవి: కోడూరు మీదుగా వెళ్లాలి. వేణుగోపాలస్వామి గుడి చూసుకుని పాలకాయతిప్ప దాటితే కృష్ణ సముద్రంలో కలిసే సాగర సంగమం. ఒకవైపు నది, ఒకవైపు కడలి, చుట్టూ మడ అడవి. ఈ జిల్లాలో ఇంతకంటే అందమైన చోటు నేను చూళ్లేదు. స్నానానికి మాత్రం ఇంతకంటే మోసపు చోటు కూడా లేదు. పాటు మొదలైతే నది ప్రవాహం, వెనక్కి లాగే సముద్రం రెండూ కలిసి ఒకేవైపు గుంజుతాయి. ఈత వచ్చినవాళ్లు కూడా ఎదురీదలేరు. ఇక్కడి మడ అడవులు కృష్ణా అభయారణ్యంలోవి. ఫారెస్టు వాళ్ల అనుమతి లేకుండా అడవిలో రాత్రి ఉండటం చట్టప్రకారం కుదరదు. పగలు వెళ్లి, పొద్దు వాలేలోపు బయటికి వచ్చేయండి.

ఫారెస్టు వాళ్లు ఊరికే అడ్డం పెడుతున్నారని విసుక్కోకండి. ఈ అడవిలో బావురుపిల్లి ఉంటుంది. నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వంద పైనే. పిల్లలు బయటికొచ్చాక వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. వాటికి తెలిసిన వెలుతురు సముద్రం మీది ఆకాశానిదే. ఒడ్డున మనం క్యాంప్‌ఫైర్ వేస్తే మన వైపు వచ్చి చచ్చిపోతాయి. మడ చెట్లైతే మరీ ముఖ్యం. అలల దెబ్బని తీరం కంటే ముందు కాచుకునేవి అవే. వాటి కొమ్మలు విరిచి చలిమంట వేయడమంటే ఊరి గోడ పీకి పొయ్యిలో పెట్టడమే.

నాగాయలంక: రాత్రి ఉండాలంటే నేను చెప్పేది ఈ వైపే. ఇక్కడ కృష్ణ విశాలంగా, నెమ్మదిగా ఉంటుంది. శ్రీరామపాద క్షేత్రం ఘాట్ దగ్గర సాయంత్రం కూర్చుంటే లేవబుద్ధి కాదు. బోటు షికారుకి వెళ్తే లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కకండి, ‘‘ఇంత దగ్గరికే కదా’’ అని బోటు అతను అన్నా సరే. ఏటిమొగ నుంచి పంటు మీద ఎదురుమొండి దీవికి దాటొచ్చు. బండ్లు, గేదెలు, స్కూలు పిల్లలు, మీరు, అందరూ ఒకే పంటు మీద. చివరి పంటు ఎన్నింటికో ఎక్కేముందే అడగండి.

సముద్రం వద్దనుకునే రోజు: అమావాస్య, పౌర్ణమి, ముసురు ఉంటే ప్లాన్ పూర్తిగా మానుకోనక్కర్లేదు. లోపలికి తిరగండి. సిద్ధేంద్రయోగి కూచిపూడి, క్షేత్రయ్య మొవ్వ, ఆంధ్రమహావిష్ణువు శ్రీకాకుళం, సుబ్రహ్మణ్యేశ్వరుడి మోపిదేవి, ఇందాక చెప్పిన ఘంటసాల, అన్నీ ఒక్కరోజు చుట్టులో వస్తాయి. గుడివాడ వైపు వాళ్లకి కైకలూరు దగ్గర ఆటపాక ఉంది. చలికాలంలో కొల్లేటి గూడబాతులు వందలకొద్దీ కనిపిస్తాయి.

పడక ఎక్కడ?

టెంటు చోటు తేల్చుకోడానికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

ఒకటి, ఈ నేల ఎవరిది? కొబ్బరితోటైనా, చేను గట్టైనా దానికో రైతు ఉంటాడు. అడిగితే మావైపు కాదనేవాళ్లు తక్కువ. మంచినీళ్లు, బాత్రూమ్ కూడా అక్కడే దొరుకుతాయి. రొయ్యల చెరువు గట్ల మీద మాత్రం వద్దు. ఏరియేటర్ల కోసం కరెంటు తీగలు పరిచి ఉంటాయి, రాత్రి కాపలా ఉంటుంది. చీకట్లో కొత్త మనిషి కనపడితే దొంగే అనుకుంటారు.

రెండు, అర్ధరాత్రి లేచి వెళ్లాల్సొస్తే దారేది? వాన పడ్డా బండి నడిచే తారు రోడ్డు పక్కనే ఉండాలి. కారు ముఖం రోడ్డు వైపు తిప్పి పెట్టుకోండి.

మూడు, దగ్గర్లో పక్కా మేడ, తుఫాను షెల్టర్ ఎక్కడ? 1977 తర్వాత తీరం పొడుగునా షెల్టర్లు కట్టారు. చాలాచోట్ల అవే స్కూళ్లుగా వాడుతున్నారు. స్తంభాల మీద ఎత్తుగా ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. ఊళ్లోకి రాగానే ‘‘తుఫాను షెల్టరు ఎక్కడండీ?’’ అని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ‘‘ఎందుకు బాబూ?’’ అని నవ్వరు. ఆ ప్రశ్న ఎందుకో వాళ్లకి మనకంటే బాగా తెలుసు.

ఈ మూడిటికీ జవాబు దొరికే చోటు ఒడ్డు మీద దాదాపు ఉండదు. ఊరిని ఆనుకుని, నది గట్టుకి ఎగువన ఉండే తోటల్లో దొరుకుతుంది. అలల చప్పుడు వినపడకపోవచ్చు. కొబ్బరాకుల చప్పుడు వినపడుతుంది. అదీ బాగానే ఉంటుంది.

సంచిలో ఏముండాలి

టెంటు కంటే ముందు దోమతెర. తాగేనీళ్లు మనిషికి రోజుకి కనీసం నాలుగు లీటర్లు లెక్కేసి తెచ్చుకోండి, తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉండొచ్చు. మామూలు టెంటు మేకులు తడి నల్లమట్టిలో నిలవవు. పొడుగు మేకులు, లేదా చెట్టుకి కట్టే తాళ్లు తెచ్చుకోండి. మంచి టార్చి తప్పనిసరి. కోతల వేళ గట్ల మీద ఎలకలు, వాటి వెనక పాములు తిరుగుతాయి. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై మోపిదేవిలో హోమం కూడా చేయించారు. కాబట్టి టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి, బూట్లు దులిపి తొడుక్కోండి. పాము కరిస్తే నాటువైద్యం, కోయడం, కట్టు బిగించడం వద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.

రెండు రోజుల ప్లాన్

శనివారం పొద్దున్నే విజయవాడ నుంచి కరకట్ట రోడ్డు పట్టండి. ఎడమన అరటి, పసుపు తోటలు, కుడిన కృష్ణ. దారిలో శ్రీకాకుళం, మోపిదేవి. మధ్యాహ్నం అవనిగడ్డలో భోజనం. పులిగడ్డ అక్విడక్టు చూసుకుని సాయంత్రానికి నాగాయలంక. రాత్రి అక్కడే తోటలో. ఆదివారం పొద్దున్నే హంసలదీవి, ఎండెక్కేలోపు వెనక్కి. మధ్యాహ్నం బందరులో భోజనం, తర్వాత చిలకలపూడి, మంగినపూడి. చీకటి పడేలోపు హైవే ఎక్కితే రాత్రికి విజయవాడ.

ఇందులో సముద్రం ఒడ్డున రాత్రి లేదని మా ఫ్రెండ్స్ మొహం మాడ్చుకుంటారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. కార్తీకంలో తోటకెళ్లి ఉసిరిచెట్టు కింద పొయ్యి పెట్టి అందరూ కలిసి తినే అలవాటు ఈ ఊళ్లకి క్యాంపింగ్ అన్న మాట రాకముందే ఉంది. దానికి పెద్దవాళ్లు పెట్టిన పేరు వనభోజనం. వనశయనం అని ఎవరూ అన్లేదు. పొద్దున వెళ్లాలి, కడుపునిండా తినాలి, విస్తళ్లు ఎత్తేయాలి, దీపాల వేళకి ఇంటికి చేరాలి.